అడగని నాలుగో ప్రశ్న

కాలిపోయిన పల్లకికి బరువుండదనుకుంటారు. ఉంటుంది. పదకొండేళ్లుగా నేనొక్కడినే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మలేసియాలోని బంటింగ్‌లో మా రాములవారి గుడి వెనక రేకుల కొట్టులో ఉండేది ఆ పల్లకి. దాని ముందు రోజూ దీపం పెట్టి, ఆర్పి, తాళం వేసేవాడు సింహాచలం అన్న. ఒక మధ్యాహ్నం కొట్టు తగలబడింది. దీపం ఆర్పలేదని అన్న మీద నింద పడింది.

మావాళ్లు ఇలాంటివాటికి పోలీసుల దగ్గరకు వెళ్లరు. అయిదుగురిని కూర్చోబెట్టి తీర్పు చెప్పమంటారు. కూర్చునే ముందు కర్పూరం మీద చెయ్యి పెట్టించి, మూడు ప్రశ్నలు అడుగుతారు. అయిదోవాడిగా నన్ను పిలిచారు. గుడి పెద్ద, అందరికీ తాత, అడిగాడు.

"సింహాచలం నీకు సుట్టమేట్రా?"

"కాదు తాతా."

"పగేటైనా ఉందా?"

"పులిహోర నాకు రెండుసార్లు ఎట్టేవోడు, పగేటి!"

అందరూ నవ్వారు. అన్న కూడా.

"నిప్పంటుకోడం కళ్లారా సూసినావా?"

"సూళ్లేదు."

మూడూ నిజాలే. కొట్టు వెనక దొంగచాటుగా సిగరెట్ కాల్చి, ముక్కను గోడకు ఆనించిన ఎండు కొబ్బరాకుల మీదకు విసిరి, షిఫ్టుకు ఆలస్యమైందని మోటార్‌సైకిల్ ఎక్కేశాను. మంట చూడలేదు. 'నిప్పు నీదేనా?' అని ఎవరూ అడగలేదు. అలాంటివాడు తీర్పు చెప్పడానికి వచ్చి కూర్చుంటాడని మా పెద్దలకు ఎన్నడూ తోచి ఉండదు.

ఎందుకు కూర్చున్నాను? ఆరో తరగతిలో బడి మానేసిన నన్ను జీవితంలో మొదటిసారి దేనికో అర్హుడన్నారనా? లోపలుంటే అన్నను కాపాడవచ్చని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నానా? లేక భయమా?

ఇద్దరు తప్పుందన్నారు. ఇద్దరు లేదన్నారు. అందరూ నావైపు తిరిగారు. నేను లేదంటే, అన్న దీపం కాకపోతే మరి ఏ నిప్పు అని వెతుకుతారు. ఆ ఒక్కసారి నాకు జోకు తట్టలేదు.

"తప్పుంది" అన్నాను.

ఇక గుడిలో దీపం ముట్టవద్దన్నారు. అన్న లేచాడు. చెప్పులు వేసుకుంటూ నా భుజం తట్టాడు.

"నువ్వు కూడా అన్నావంటే, నేనే ఆర్పడం మరిసిపోయుంటాను తమ్ముడా."

ఆ తర్వాత ఇపో అనే ఊరికి వెళ్లిపోయాడు. మొన్న అక్కడొక పెళ్లిలో దీపం వెలిగించమని ఎవరో ఆయన చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది ఎవరూ గమనించకూడదని నేనేదో జోకు వేశాను. అందరూ నవ్వారు. అన్న కూడా.

ఆయన ఆ రోజు దీపం ఆర్పాడు. నిప్పు నాది.