నాన్నమ్మ చేతికి చుట్టిన గుడ్డ

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో ఒంట్లో ఏటొచ్చినా కిడ్నీయే అనీసీవోరు. మా తమ్ముడు కాళ్ళూ చేతులూ పీకేసి, కళ్ళు పచ్చబడి మాటిమాటికీ మంచం ఎక్కీసినా, అంతా నీళ్ళవల్లే అన్నారు. నాన్న పలాస నుంచి నీళ్ళ టిన్నులు మోసుకొచ్చి వాడికొక్కడికే పోసీవోడు. నేనూ దొంగచాటుగా ఓ గ్లాసు తాగీదాన్ని, అది వేరే సంగతి. ఎన్ని టిన్నులు తెచ్చినా నొప్పులు తగ్గనేదు.

ఆఖరికి పెద్దాసుపత్రిలో రక్తం చూసి, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు అన్నారు. అమ్మకీ నాన్నకీ కూడా చూసేరు. ఇద్దరిలోనూ ఆ జబ్బు గుణం ఒక్కోటి ఉందట. ఒక్కటే ఉన్నోళ్ళు మామూలుగానే ఉంటారు. అమ్మదొకటి, నాన్నదొకటి, రెండూ ఒకే బిడ్డకి వచ్చీస్తేనే జబ్బు. నలుగురిలో ఒకరికి రావొచ్చని డాక్టరమ్మ చెప్తే, మా నాన్నమ్మ ఆ ముక్క గట్టిగా పట్టీసుకుంది. రావలసిన ఒక్కడికీ వచ్చీసింది, ఇంక తరవాతోళ్ళకి భయం నేదు, ఇంకో మగపిల్లోడిని కను అని అమ్మ ఎనకాల పడింది. అమ్మ అప్పటికే ఆసుపత్రుల చుట్టూ తిరిగి సగమైపోయింది. కాదు అనడానికి కూడా ఓపిక నేదు. నాన్న వాళ్ళమ్మ మాటకి ఎదురు చెప్పడు.

మా మేనత్త, నాన్న చెల్లి, మాతోపాటే జీడిపప్పుకి పొట్టు తీసీది. ఓ మధ్యాన్నం అందరం వాకిట్లో పప్పు ముందేసుకుని కూచున్నాం. నాన్నమ్మ మళ్ళీ అదే మాట ఎత్తింది. అత్త రెండు గిన్నెలు తెచ్చి, ఒక్కోదాంట్లో తెల్లపప్పొకటి, పొట్టు తీయని ఎర్రదొకటి ఏసింది.

"ఇది వొదినది, ఇది అన్నయ్యది. ఎర్రది సికిలు. కళ్ళు మూసుకుని దీంట్లో ఒకటి, దాంట్లో ఒకటి తియ్యే అమ్మా. అదే నీ మనవడు."

నాన్నమ్మ రెండూ తెల్లవే తీసింది. మళ్ళీ తీసినా తెల్లవే. "సూసేవా, నా సెయ్యి మంచిది," అంది.

"ఇన్నేళ్ళు పొట్టు తీసిన సెయ్యి కదే, ముట్టుకుంటే తెలిసిపోతాది. కడుపుకి ఏటి తెలుత్తాది?" అని అత్త నాన్నమ్మ చేతికి మందంగా గుడ్డ చుట్టీసింది.

ఈసారి ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. "ఇలగైతే వొదినలాగే. జబ్బు నేదు, మొయ్యడమే," అంది అత్త. ఆ తరవాత రెండూ ఎర్రవే వచ్చేయి. అత్త వాటిని మళ్ళీ గిన్నెల్లో ఏసీసింది.

"మళ్ళీ ఏత్తన్నావేటే? అయి వొచ్చీసేయి కదా."

"వొదిన ఒంట్లోంచి ఎక్కడకి పోతాయే? పెతీ కాన్పుకీ గిన్నెలో రెండూ ఉంటాయి."

మళ్ళీ తీసింది. మళ్ళీ రెండూ ఎర్రవే. నాన్నమ్మ చేతి గుడ్డ తనే విప్పీసుకుని, అమ్మకేసి చూడకుండా, "నువ్వెల్లి కాసేపు నడుం వాల్చుకో," అంది. అమ్మ పగలు పడుకోడం నేను అదే మొదలు చూడ్డం. ఆ తరవాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తనేదు.

నాలోనూ ఒకటుందని తరవాత తేలింది. మొన్న టెక్కలి నుంచి సంబంధం వస్తే, జాతకం కంటే ముందు అబ్బాయికి రక్తం పరీక్ష చేయించమన్నాను. అబ్బాయి తల్లి, "ఏటమ్మా, నీకు జబ్బా?" అంది. "నాకు జబ్బు నేదత్తా. మీవోడికీ ఒకటుంటేనే పిల్లలకి భయం," అన్నాను. వాళ్ళు టీ తాక్కుండా ఎల్లిపోయారు. ఇలగ ఎల్లిపోడం మూడోసారి.

అమ్మ నన్ను తిట్టనేదు. గ్లాసులు తీస్తా, "నా పెళ్ళప్పుడు ఎవులైనా ఇలగ అడిగుంటే బాగుండీది," అంది.

మంచం మీద తమ్ముడు ఇనీసేడు. "అడిగుంటే నేనుండీవోడ్ని కాదు," అని నవ్వీసేడు.

నేనెళ్ళి వాడి కాళ్ళ దగ్గర కూచుని పిసికేను. అయినా రేపొచ్చే సంబంధమోళ్ళనీ రక్తం పరీక్ష అడుగుతాను.