మూడో ఇంటి విలువ

కిందటి వేసవిలో మేం అన్నదమ్ములం ఇద్దరం ఆస్తి పంచుకుందామనుకున్నాం. రాజాంలో మాకు అద్దెకిచ్చిన ఇళ్లు మూడున్నాయి. వాటికి విలువ కట్టడానికి విజయనగరం నుంచి ఒక ఇంజినీరుగారిని పిలిచాం. అద్దెలు వసూలు చేసేది నేనే కాబట్టి ఆయన వెంట తిరగడం నా వంతయింది.

రెండిళ్లు కొలిచేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్లు పీకేస్తున్నాయి. మూడో ఇంటి అరుగు మీద కూలబడి, "ఇదీ అలాంటిదేనండీ. బయట నుంచే చూసి రాసెయ్యండి" అన్నాను.

"లోపల చూడకుండా సంతకం పెట్టలేనండి" అంటూ ఆయన లోపలికి నడిచారు. ఉసూరుమంటూ నేనూ లేచాను.

ఆ ఇంట్లో లక్ష్మి, ఆమె భర్త, నెలల పాప ఉంటారు. గోడ కొలవడానికి అడ్డంగా ఉందని ఇంజినీరుగారు పాప పడుకున్న ఉయ్యాల స్టాండును పక్కకు జరిపారు. నేను టేపు చివర పట్టుకున్నానో లేదో, స్లాబు పెచ్చు ఒకటి ఊడి, సరిగ్గా అంతకుముందు ఉయ్యాల ఉన్న చోటే దబ్బున పడింది.

లక్ష్మి పాపను గుండెకు హత్తుకుని నావైపు తిరిగింది.

"పెచ్చులు రాల్తన్నాయని ఎన్నిసార్లు సెప్పాను బాబూ! సూస్తాను, సూస్తానన్నారు. ఒక్కసారైనా వచ్చి సూసారేటి?"

ఇంజినీరుగారు నావైపు చూడకుండా కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఆ సాయంత్రమే వాళ్లను మొదటి ఇంట్లో ఖాళీగా ఉన్న వాటాలోకి మార్చాను. తర్వాత వచ్చిన రిపోర్టులో మూడో ఇంటికి స్థలం విలువ మాత్రమే ఉంది.

"అంతలా పాడైపోయిందేటిరా? నీకు తెలీదా?" అన్నాడు అన్నయ్య.

ఆరేళ్లుగా నెలనెలా అద్దె కోసం ఆ ఇంటికి వెళ్తున్నాను. లోపల అడుగుపెట్టింది మాత్రం ఆ రోజే.