చెల్కకు వేసిన రంగులు

మొన్న పాత బీరువా సదురుతుంటే ఒక రేకు డబ్బా చేతికి తగిలింది. మూత తియ్యంగనే ముందు కట్టె వాసన, దాని వెనక మెల్లగా మైనం వాసన. లోపల బొటనవేలంత మిగిలిన రంగు పెన్సిళ్లు, అన్నీ బ్లేడుతో పొడుగ్గా చెక్కినవే. అట్ల చెక్కేది మా సునీత అత్తమ్మ. షార్ప్‌నర్ పెడితే మొన విరుగుతదని ముట్టనిచ్చేది కాదు. సదిరే పని వదిలేసి ఆ డబ్బా ఒళ్లో పెట్టుకొని నేల మీదనే కూర్చున్న.

అప్పుడు నాకు పదకొండేండ్లు. ఇబ్రహీంపట్నంలో బస్ డిపో వెనక గల్లీలో, ముందట రేకుల వరండా ఉన్న ఇంట్లో బాపు, అమ్మ, తాత, అత్తమ్మ, నేను ఉండేవాళ్లం. అత్తమ్మ బాపుకు చెల్లె. ఐటీఐలో నక్షాలు గీయడం నేర్చుకొని సాగర్ రోడ్డు మీద ఒక వెంచర్ ఆఫీసులో చేరింది. ప్లాట్ల నక్షాలకు రంగులు వేయడం ఆమె పని: రోడ్లకు బూడిద రంగు, పార్కులకు పచ్చ, అమ్ముడుపోయిన ప్లాట్లకు గులాబీ. పని తెమలకపోతే కాగితాలు చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చి, వరండాలో బోర్లా పడుకొని వేసేది. నేను పక్కన చేరేదాన్ని.

"ఒత్తకు బిడ్డా. రంగు కాగితం మీద కూసోవాలె గని లోపటికి దిగొద్దు," అనేది. పెన్సిల్‌ను మొన దగ్గర కాక వెనక పట్టుకోవాలని, గీతలన్నీ ఒకే వైపు పోవాలని, ముందు పసుపు పరిచి దాని మీద ఆకుపచ్చ వేస్తేనే ఆకుకు ప్రాణమొస్తదని, నీడకు నల్లరంగు అక్కర్లేదు, ఊదా చాలని, తెల్లగా కనబడాల్సిన చోటును మొదట్నించే వదిలెయ్యాలని ఆమె దగ్గరే నేర్చుకున్న. వాటర్ కలర్ పెన్సిళ్లు వేరే ఉండేవి. పొడిగా గీసి తడి కుంచెతో లాగితే గీతలన్నీ కరిగి ఒక్కటయ్యేవి. మొనను నీళ్లలో ముంచి గీస్తే చెట్టు బెరడంత మొరటు గీత పడేది. ఆరకముందే మళ్లీ కుంచె పెడితే కాగితం పొట్టు లేచేది, నాకెప్పుడూ లేచేది. "ముందు ఆగుడు నేర్చుకో. రంగులు తర్వాత," అనేది అత్తమ్మ.

ఊరి బయట వాగు వంపులో మాకొక ఎర్రమట్టి చెల్క భూమి ఉండేది. అందులో తాత తన చేతులతో తవ్విన బాయి, గట్ల పొంటి సీతాఫలం చెట్లు. వానకాలం జొన్న, కంది వేసేవాళ్లు. బతుకమ్మ పండుగకు గట్ల మీది గునుగు పువ్వు ఒడినిండా తెంపుకొచ్చేవాళ్లం, సద్దుల నాడు అమ్మ రొట్టెల్లో బెల్లం నలిపి చేసిన మలీద తిని వేళ్లు నాక్కుంటూ తిరిగేవాళ్లం, సీతాఫలాలను గడ్డిలో మాగేసి మెత్తబడ్డయా అని పూటపూటకు ఒత్తి చూసేవాళ్లం. చలికాలం పచ్చి కందికాయ ఉప్పేసి ఉడకబెడితే ఇంటినిండా ఆ వాసనే. తాత పొద్దున్నే రొట్టె మూట కట్టుకొని పోయి, పొద్దూకినంక పిక్కల దాక ఎర్రమట్టితో వచ్చేవాడు.

ఆ యేడు ఎండాకాలం తాతకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అదే ఎండల్లో చెల్క కూడా పోయింది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయి మాకు బండి బాట లేకుండ అయింది, బాయి ఎండింది. భూమి ఎప్పుడో బాపు పేరు మీదికి మారింది కాబట్టి బాపు సంతకం చేసి వెంచరోళ్లకు అమ్మేసిండు. తాతను దవాఖాన నుంచి తెచ్చిన రోజు బాపు మమ్మల్ని వంటింట్లోకి పిలిచి, "చెల్క సంగతి ఆయనకు తెల్వొద్దు. తట్టుకోడు," అన్నడు.

తాత వరండాలో మంచం మీద పండుకొని రోజూ అదే అడిగేవాడు, "చెల్క ఎట్లున్నది?" అని. ఎన్నిసార్లని అబద్ధమాడతం? "బొమ్మ గీసి చూపియ్యి బిడ్డా, ఆయన పానం జర నిమ్మలపడ్తది," అన్నది అత్తమ్మ. ఆదివారం నన్ను చెల్కకు తీసుకపోయింది. ఎర్రమట్టికి ముందు నారింజ, పైన మట్టిరంగు, నాగటిచాళ్లలో ఊదా వేసి తడి కుంచె లాగిన. తాత అద్దాలు పెట్టుకొని చూసి, "బాయి పక్కకు తుమ్మ చెట్టేది?" అన్నడు. అక్కడ తుమ్మ చెట్టు లేదు. అమ్మనడిగితే నేను పుట్టకముందే కొట్టేసిండ్రన్నది. అయినా పెన్సిల్ మొన తడిపి చెట్టు గీసిన. తాత నవ్విండు.

అప్పటినుంచి వారానికొక బొమ్మ. కావలి గుడిసె ఎటు మొఖాన ఉండెనో, ఎర్ర ఎద్దు నొసట మచ్చ ఎంతుండెనో తాత చెప్పేవాడు, నేను గీసేదాన్ని. ఈలోపు జేసీబీలు వచ్చి గట్లు చదును చేసి బాయి పూడ్చినయి. నేను గీస్తున్న చెల్క ఎక్కడా లేదు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం అత్తమ్మ కొత్త నక్షా తెచ్చి వరండాలో పరిచింది. తాత నిద్రలో ఉన్నడనుకొని, పార్కుకు రంగు వేయమని నాకు చెప్పి అన్నం తినడానికి లోపలికి పోయింది. తాత మంచం మీది నుంచి ఎడమచెయ్యి లేపి, "గది ఇటు తిప్పు," అన్నడు. తిప్పి పట్టుకున్న. కాగితం మీద వేలుతో వాగు గీత వెంబడి పోయి ఆగిండు.

"గిది మన వంపే గదా."

కాగితం దించబోతే తాత అంచు పట్టుకున్నడు.

"బాయి కాడ ఏమొస్తది?"

"పార్కు," అన్న.

సగం రంగు పడ్డ పార్కు మీద వేలు పెట్టిండు. ఏడుస్తడేమో అనుకున్న. "సగంల వదిలిపెట్టినవేంది? వెయ్యి. మంచిగ వెయ్యి," అన్నడు. నేను పెన్సిల్ పట్టినంక, "నేను చూసిన్నని మీ అత్తకు చెప్పకు. బాపుకు గూడ. గోస పడ్తరు."

ముందు పసుపు పరిచి, మీద ఆకుపచ్చ వేసిన. గీత బయటికి పోనియ్యలేదు. అత్తమ్మ వచ్చి కాగితం వెలుగుకు పట్టి చూసి, "ఇప్పుడు నేర్చినవ్ బిడ్డా," అన్నది. అంతకుముందు ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు. తాత గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

తెల్లారి అత్తమ్మ చాయ్ చల్లార్చి తాగిపిస్తుంటే తాత ఎప్పట్లాగనే అడిగిండు, "చెల్క ఎట్లున్నది?"

"మంచిగున్నది నాయినా. కంది పూతకొచ్చింది."

తాత తలూపిండు. నేను లేచి గల్లీలోకి పోయిన.

చలికాలంలో తాత పోయిండు. మా ఇంట్లో పెద్దలను సాగనంపేది చెల్కలోనే. తాతను మాత్రం ఊరి శ్మశానానికి తీసుకపోయినం. బాపు ఆ రోజంతా ఎవరి మొఖం చూడలేదు.

ఇప్పుడు ఆ వంపులో రెండంతస్తుల ఇండ్లు, వాగు సిమెంటు కాలువ. గునుగు పువ్వును బతుకమ్మకు మార్కెట్‌లో కొంటున్నం. నక్షాలకు చేతితో రంగులు వేసేటోళ్లు ఎవరూ లేరు, అన్నీ కంప్యూటర్ మీదనే. అత్తమ్మ పెండ్లయి పెద్ద అంబర్‌పేట్‌లో ఉంటున్నది. తాతకిచ్చిన మాట ఇన్నేండ్లు దాచుకున్న. డబ్బా దొరికిన వారంలోనే ఆమె ఇంటికి పోయి, చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న ఆమె పక్కన కూర్చొని అంతా చెప్పిన.

అత్తమ్మ చేతులు ఆగినయి. మాట్లాడింది నాతోటి కాదు.

"ఒక్క మాట అంటే ఏం పోతుండె నాయినా," అన్నది. "ఇద్దరం కలిసి ఏడుస్తుంటిమి గదా."