పదో హోల్ దగ్గర ఎవరి వంతు

మా కెప్టెన్ పోయారు. ఆయన కొడుకు ఫోన్‌లో సగం మరాఠీలో, సగం తెలుగులో చెప్పాడు. మర్నాడు ఇరయి నది ఒడ్డున చితి అంటుకుంటుండగా మా పాత గోల్ఫ్ క్లబ్ ఖజాంచి ముందుకొచ్చి, పోయినవారు నిజాయితీకి మారుపేరని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇదే మనిషి ఇదే కెప్టెన్ అమ్ముడుపోయాడని ఊర్జానగర్ నుంచి వరోరా దాకా చాటి వచ్చాడు. చితి దగ్గర నోరు విప్పకూడదని ఊరుకున్నాను. కాగితం మీద ఆ అడ్డు లేదు.

కెప్టెన్ మా బొగ్గు గనిలో సర్వే అధికారి, మంచిర్యాల వైపు మనిషి. మాజ్రి దగ్గర, గని పక్కన, రాళ్ళు ఏరించి, తుమ్మలు కొట్టించి తొమ్మిది హోల్స్ మైదానం తయారుచేయించింది ఆయనే. గోల్ఫ్ అంటే పచ్చిక అనుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఎండలకు పచ్చిక ఎక్కడిది? గుంట చుట్టూ వాడేసిన ఇంజన్ నూనె కలిపిన ఇసుక పరిచి, దాన్ని బ్రౌన్ అనేవాళ్ళం. బంతిని గుంటలోకి దొర్లించే ముందు చెక్కపలకతో ఇసుక చదును చేసుకోవాలి. ఆడేశాక వెనక వచ్చేవాళ్ళ కోసం మళ్ళీ చదును చేసి పోవాలి. వెనక ఎవరూ లేకపోయినా ఆయన ఆ పని చేయకుండా కదిలేవారు కాదు.

కంగారు మనిషి. పోటీ ఉన్న రోజు మజ్జిగ తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, గని వైపు నుంచి దుమ్ము లేస్తుందేమోనని ఆకాశం చూసేవారు. ఆయన పక్కన నిలబడితే నేనూ ఆకాశం చూసేవాణ్ణి.

హ్యాండికాప్‌ల విషయంలో మాత్రం ఆ కంగారు కనిపించేది కాదు. తక్కువ స్థాయి ఆటగాడికి ముందే ఇచ్చే రాయితీ దెబ్బల్ని హ్యాండికాప్ అంటారు. మా ఖజాంచి మామూలు ఆదివారాలు కావాలని చెడగొట్టి ఆడి, రాయితీ పెంచుకుని, పోటీలో కప్పు ఎత్తుకుపోయేవాడు. ఒకసారి నిండు సభలో కెప్టెన్ అడిగారు: "ఆదివారం కుంటుతవు, పోటీనాడు ఉరుకుతవు. గిదేం కాలు అన్నా?" అందరూ పడీపడీ నవ్వారు. ఖజాంచి రాయితీ సగానికి తెగింది. ఆ నవ్వు అతను మరిచిపోలేదు.

తర్వాత ఏరియాల, అంటే గనుల విభాగాల, పునర్వ్యవస్థీకరణ వచ్చింది. మా ఏరియానూ పక్క ఏరియానూ కలిపేశారు. ఎవరి కుర్చీ ఉంటుందో, ఎవరి పేరు మిగులు సిబ్బందిలో పడుతుందో తెలియని రోజులు. ఆఫీసు జవాను తలుపు దగ్గర నిలబడితే చాలు, గదిలో మాటలు ఆగిపోయేవి. పక్క ఏరియాకూ తొమ్మిది హోల్స్ మైదానం ఒకటి ఉంది. రెంటికీ నీళ్ళూ మనుషులూ ఇవ్వలేమనీ, రెండు క్లబ్బులూ ఆడి తేల్చుకోండనీ, గెలిచినవాళ్ళ మైదానం ఉంటుందనీ పైవాళ్ళు చెప్పారు. ఓడితే మాది గని లారీలు, డంపర్లు నిలిపే యార్డు అవుతుంది.

ఏ పద్ధతిలో ఆడాలన్న దాని మీద ముందు తగువు. అవతలివాళ్ళలో చాలా దూరం కొట్టే కుర్ర ఇంజనీరు ఉన్నాడు. అందుకే జట్టులో అందరూ కొట్టి, మంచి బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచి మళ్ళీ అందరూ కొట్టే పద్ధతి కావాలన్నారు. కెప్టెన్ ససేమిరా అన్నారు. "ఒక్కడు కొడితే మిగిలినోళ్ళు సప్పట్లు గొట్టుడు, గదేం ఆట?" జోడీకి ఒకే బంతి, ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి అన్నారు. చివరికి అదే ఖాయమైంది. అందులో ఒక షరతు ఉంది. బేసి హోల్స్‌లో మొదటి దెబ్బ ఒకరిది, సరి హోల్స్‌లో రెండోవారిది. వంతు తప్పి కొడితే ఆ హోల్ పోయినట్టే.

పోటీ మా మైదానంలోనే. ఒక్కో క్లబ్బు నుంచి కొన్ని జోడీలు. నేనూ కెప్టెనూ ఒక జోడీ; నేను బేసి, ఆయన సరి. మా మీద ఆ కుర్ర ఇంజనీరు, వాళ్ళ సెక్రటరీ. తొమ్మిది హోల్స్ అయ్యేసరికి మేం ఒక హోల్ ముందున్నాం. తొమ్మిదోది వాళ్ళు గెలిచారు కనుక పదోదానికి మొదట కొట్టేది వాళ్ళే.

మామూలు ఆదివారాల్లో తొమ్మిది ఆడి ఇంటికి పోయేవాళ్ళం. పోటీలో అదే మైదానం రెండుసార్లు తిరగాలి. అంటే పదోది మళ్ళీ మొదటి చోటే. పొద్దున అక్కడ మొదట కొట్టింది ఇంజనీరు. కాళ్ళ అలవాటు కొద్దీ మళ్ళీ అతనే వెళ్ళి బంతి పెట్టుకున్నాడు. పది సరి సంఖ్య, వంతు సెక్రటరీది. ఇద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది. కెప్టెన్ వైపు చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటున్నారు. ఇంజనీరు కర్ర లేచింది.

కెప్టెన్ మరాఠీలో ఆగమన్నారు, వంతు అతనిది కాదన్నారు. ఇంజనీరు నాలుక కరుచుకుని పక్కకు జరిగాడు. సెక్రటరీ కొట్టాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

నడుస్తూ నేను గొణిగాను. "ఊకుంటే ఏంబోతుండె కెప్టెన్ సాబ్? మైదానం మనదైతుండె."

"పొద్దున యాడ నిలవడ్డడో గాడనే నిలవడ్డడు. మనమైనా గట్లనే నిలవడుదుము. గది పట్టుకొని గెలిస్తే గెలిసినట్టు అనిపిస్తదా నీకు?"

అనిపిస్తుందన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను. ఆయన అరచేతులు ఇంకా తుడుచుకుంటూనే ఉన్నారు.

మిగతా జోడీలు సమంగా తేలాయి. అంతా మా మీద పడింది. చివరి హోల్‌కు ఇరుపక్షాలూ సమానం. మా బంతి గుంట అంచున ఆగింది, వాళ్ళది గుంటలో పడింది. వాళ్ళు కేకలు వేసుకుంటూ వెళ్ళిపోయారు. కెప్టెన్ పలక తీసుకుని బ్రౌన్ మొత్తం చదును చేశారు. ఆ మైదానంలో ఆ తర్వాత ఎవరూ ఆడలేదు.

కొత్త ఏరియాలో మంచి కుర్చీ కోసమే ఆయన నోరు విప్పాడని ఖజాంచి ప్రచారం. దొరికిన కుర్చీ నేను చూశాను. వరోరా దగ్గర మూతబడిన గనికి కొలతలు తీసే పని. ఖజాంచికి మాత్రం ప్రమోషన్ వచ్చింది. కెప్టెన్ భార్య, మా వదిన, చాలాకాలం బజారుకు వెళ్ళడం మానేసింది. కెప్టెన్ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. రాత్రి కలల మళ్ళీ ఆ పదో హోల్ ఆడిన అంటూ అప్పుడప్పుడు నాతో మాత్రం అనేవారు. ఎలా పోయిందో చెప్పేవారు కాదు.

కర్మకాండ అయ్యాక, ఒకప్పటి మా మైదానం, ఇప్పటి యార్డుకు వెళ్ళాను. వాచ్‌మన్ ముసలివాణ్ణని లోపలికి వదిలాడు. ఎటు చూసినా పిచ్చిగడ్డి. చివరి బ్రౌన్ ఉన్నచోట మాత్రం నూనె ఇంకిన నేల గుండ్రంగా, నల్లగా ఉంది. దాని మీద ఇంకా గడ్డి మొలవలేదు. నడిమధ్య నుంచి డంపర్ టైరు చాలు పోయింది. చెప్పు కాలితో మెల్లగా అటూ ఇటూ రాస్తూ ఆ చాలు పూడ్చాను. చదునయ్యాక, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశాను. గని వైపు నుంచి దుమ్ము లేస్తోంది.