కంపెనీ రోడ్డు మీద రాగులు

మా ఎదురింటి సారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. పాలు తెచ్చుకుని వచ్చి గడప మీదే కూర్చుండిపోయారట. మా ఊరు రాబర్ట్‌సన్‌పేటలో చాలామందికి ఈ కబురు అందే ఉంటుంది. ఆయనను ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

ముళబాగిలు దగ్గర సోలార్ పలకలు పరిచిన విదేశీ కంపెనీలో ఆయన భూముల ఆఫీసరు. రైతులతో మాట్లాడి పొలాలు కౌలుకు తీసుకోవడం ఆయన పని. పలకలు మోసే లారీల కాంట్రాక్టరు దగ్గర నేను రోజువారీ లెక్కలు రాసేవాణ్ణి. ఆయన జీపులోనే వెళ్ళి వచ్చేవాణ్ణి. దారిలో ఎవరు పలకరించినా ముందు ఇంజను ఆపేవారు, తర్వాతే మాట.

ఒకసారి టీ అంగడి దగ్గర ఒక రైతు నిలదీశాడు.

"ఇన్నేండ్లు డీజిలు అమ్మిన కంపెనీనే కదా సార్ మీది? ఇప్పుడు పొగ వద్దంటాదా?"

"అవునప్పా, అమ్మినాము. ఇంగా అమ్మతానే ఉండాము. మానుకునేది ఇప్పుడే నేర్చుకుంటా ఉండాము."

ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

రాగి కోతలయ్యాక మా పక్క వెన్నులు తారు రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్ల చక్రాలే గింజ రాలుస్తాయి. కంపెనీ సైటుకు కొత్త రోడ్డు వేసిన ఏడు దాని మీదా పరిచారు. అద్దం పలకల లారీలు వచ్చి వరసగా నిలిచిపోయాయి. కసువు మీద, అంటే ఎండుగడ్డి మీద, లారీ పోకూడదని కంపెనీ రూలు, బండి కింద నిప్పు అంటుకుంటుందని. రోడ్డు ఖాళీ చేయించమని పెద్దాఫీసరు సారు మీద ఫోనులో అరుస్తున్నాడు. పైన మబ్బు కమ్ముతోంది. ఆ రాగులు ఒంటరిగా బతికే ఒక ముసలమ్మవి. వెన్నుల నడుమ కదలకుండా కూర్చుంది.

"లెయ్యమ్మా, రోడ్డు కంపెనీది" అన్నాడు మా లారీ డ్రైవరు ఒకడు.

"మీదైతే చాపమాదిరి చుట్టుకోని ఎత్తకపో. కిందుండే నేల మాది. వానొస్తే ఏడాది సంగటి నువ్వు పెడతావా?"

సారు నవ్వేశారు. ఫోనులో పెద్దాఫీసరుతో, "లారీలు ఈ పూట ఆగుతాయి సార్, బాధ్యత నాది" అన్నారు. సైటు నుంచి ట్రాక్టరు తెప్పించి వెన్నుల మీద తిప్పించారు. చెప్పులు విప్పి తానూ కసువు దులిపారు. గోతాలు ఇంటికి చేరాకే చినుకులు పడ్డాయి.

దానికి పైనుంచి చీవాట్లు తిన్నారు. అయినా ఊరికొక సిమెంటు కళ్లం వేయించమని కంపెనీని వదలకుండా అడిగారు. కళ్లానికీ కరెంటుకూ ఏం సంబంధమన్నారట పైవాళ్ళు. "పొగలేని కరెంటు ఇస్తామని వచ్చినాము. పక్కనోళ్ళ సంగటి మట్టిపాలు చేసి ఇచ్చేది ఏం కరెంటు?" అని జీపులో నాతో అన్న మాటే వాళ్ళతోనూ అన్నారు. మరుసటి కోతలకు కంచె పక్కనే కళ్లం వచ్చింది. పొలాలు తీసుకునేటప్పుడు ఊళ్ళో అందరికీ పని ఇప్పిస్తానన్నది మాత్రం జరగలేదు. ఆ మాట వస్తే తల దించుకునేవారు.

ఆయనకు మట్టి ఇచ్చిన మరునాడు ఆ ఊరికి వెళ్ళాను. కళ్లంలో ముసలమ్మ తూర్పారబడుతోంది. విషయం చెప్పాను. చేట ఆగింది.

"ఆయప్ప పోయినాడా?"

గాలి మళ్ళీ వీచింది. చేట పైకెత్తింది. పొట్టు కంచె దాటి నీలం పలకల మీద వాలుతోంది. పలకలు కడిగే మనిషి నీళ్ళ గొట్టం పక్కన పెట్టి, ఆమె పని అయ్యేదాకా గట్టు మీద కూర్చుని ఉన్నాడు.