రైలుపెట్టెలో తేల్చిన పెన్షన్

పదిమంది కలిసి ఆలోచిస్తే తెలివి పెరుగుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పదిమంది కలిస్తే గొంతు పెరగడం మాత్రం కళ్ళారా చూశాను.

తొంభైల్లో నేనూ, మా అక్క భర్త అయిన బావగారూ ఒకే బ్యాంకులో పనిచేసేవాళ్ళం. రోజూ రాజమండ్రిలో ప్యాసింజరెక్కి నిడదవోలు వెళ్ళేవాళ్ళం. పెట్టె నిండా సీజన్ టికెట్ల వాళ్ళే, అందులో సగం మంది మా బ్యాంకు వాళ్ళే. క్రికెట్టయినా, కూతుళ్ళ సంబంధాలయినా తీర్పులన్నీ అక్కడే. బ్రిడ్జి మీద రైలు చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. అయినా ఎవరూ నోరు మూసేవారు కాదు.

ఆ రోజుల్లోనే బ్యాంకు మమ్మల్ని ఒక విషయం తేల్చుకోమంది. మన పేరున బ్యాంకు వేసే పీఎఫ్ సొమ్ము రిటైరైనప్పుడు ఒకేసారి తీసుకుంటారా, అది వదులుకుని బతికున్నన్నాళ్ళూ నెలనెలా పెన్షన్ తీసుకుంటారా? పెన్షన్ కోరుకుంటే మనిషి పోయాక అందులో కొంత భార్యకో భర్తకో వస్తుంది. ఒకసారి రాసిచ్చాక ఇక మార్చుకోవడం కుదరదు.

ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. మావాళ్ళు రైల్లో చేతులెత్తి తేల్చారు. అందరికీ పెద్దరికం వహించి బావగారే లేచి నిలబడ్డారు.

"రిటైరయ్యాక ఎన్నాళ్ళుంటామండీ? ఆ డబ్బేదో ఒక్కసారి చేతికొస్తే వడ్డీ మీద రాజాలా బతకొచ్చండి," అన్నారు.

అప్పట్లో వడ్డీలు అలాగే ఉండేవి. అవి ఎప్పటికీ తగ్గవని వీళ్ళకెవరో రాసిచ్చినట్టు తలలూపారు. కొవ్వూరు వచ్చేసరికి పెట్టంతా చేతులే.

"మీ తర్వాత అక్క సంగతేంటి బావగారూ?" అన్నాను.

"ఇంతమందిమీ తెలివితక్కువవాళ్ళమా ఏంటమ్మా?" అన్నారు. పెట్టంతా గొల్లున నవ్వింది.

నేను పెన్షనే రాసిచ్చానని తెలిసి చాలా రోజులు నన్ను పెన్షనమ్మ అని పిలిచారు. పిలుచుకోనీ అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాన్ని ఒక్క మాట అడిగిన మగాడు ఆ పెట్టెలో ఒక్కడూ లేడు. మా బావగారూ అడగలేదు.

తర్వాత వడ్డీలు పడిపోయాయి. బావగారు రిటైరయ్యారు. చేతికొచ్చిన సొమ్ము ఇంటికీ ఆసుపత్రికీ సరిపోయింది, చివరికి ఆయనా పోయారు. అక్కకి నెలనెలా వచ్చేదంటూ ఏమీ మిగల్లేదు. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోందని తెలిసిన నాడు నాకు ఏడుపు రాలేదు, ఆ పెట్టె మొత్తం మీద కోపమొచ్చింది.

అప్పటికి ఆ గుంపు రైలు దిగి ఇంటర్నెట్ ఎక్కింది. మా బ్యాంకులో ఉన్నవాళ్ళకీ రిటైరైనవాళ్ళకీ అని ఒక గ్రూపు పెట్టుకున్నారు, నేనూ అందులో ఉన్నాను. డబ్బు షేర్లలో పెట్టాలా, కడియం నర్సరీల్లో వాటాలు కొనాలా అని అక్కడ ఓటింగులు. చేతులకు బదులు మౌసులు, అంతే తేడా. బావగారు పోయినప్పుడు ఫోటో అడిగితే పంపాను. షష్టిపూర్తినాడు అక్కతో కలిసి తీయించుకున్నది. వాళ్ళు అక్కని కత్తిరించి, కింద 'ముందుచూపున్న మనిషి' అని రాసి పెట్టారు. ఆయన భుజం పక్కన అక్క కట్టుకున్న ఉప్పాడ చీర కొంగు మాత్రం మిగిలింది.

ఒక ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు అక్క కంప్యూటర్లో అదంతా నాచేత చదివించుకుంది. తర్వాత, "నేను చెప్పింది చెప్పినట్టు రాయవే," అంది.

'అన్నయ్యగార్లూ, రైల్లో అంతసేపు లెక్కలేశారు కదండీ, ఆ లెక్కలో నేనెక్కడున్నానండీ?' అని రాశాను. కింద అక్క పేరు పెట్టాను.

జవాబు వెంటనే వచ్చింది. ఈ గ్రూపు ఉద్యోగులకూ మాజీ ఉద్యోగులకూ మాత్రమేననీ, సభ్యులు కానివారి సందేశాలు దయచేసి పెట్టవద్దనీ.

"అయితే ఆ ఫోటో తీసెయ్యమను. ఆ కొంగు నాదే. నేను సభ్యురాల్ని కాదుగా," అంది అక్క.

అదీ రాశాను. ఫోటో తియ్యాలా ఉంచాలా అని వాళ్ళు ఓటింగు పెట్టారు. ఉంచాలన్నవాళ్ళే గెలిచారు.