నీళ్ళున్న స్లైడు

చిత్తూరు గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఒక మూలన ఉండేది. అందులో నలుగురి ముందు ఎలా మాట్లాడాలో చెప్పే పుస్తకం ఒకటుండేది, అట్ట ఊడిపోయి. నేను తప్ప దాన్నెవరూ ఇంటికి తీసుకెళ్ళినట్టు లేదు. ఇంటర్‌తో చదువాగిపోయిన నాకు ఆ బీరువానే కాలేజీ. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ నమిలాను. ఒక స్లైడులో ఒక్క సంగతే ఉండాలి. తెర మీద ఉన్నది చదవకూడదు, తెర చెప్పలేనిది నోటితో చెప్పాలి. మొదటి మాట, చివరి మాట కంఠతా రావాలి. తెలియనివాళ్ళ ముందు ఒకసారి చెప్పి చూసుకోవాలి, వాళ్ళకు అర్థం కాకపోతే తప్పు మనదే. ఇవి నా బతుకులో ఎక్కడ పనికొస్తాయో అప్పుడు తెలియదు. ఊరికే తెలుసుకోవడమే బాగుండేది.

పాకాల రోడ్డులో ఒక చిన్న గ్రానైటు యూనిట్లో టైపిస్టుగా చేరాను. అక్క భర్త, మా బావ, అక్కడే కట్టర్ పట్టేవాడు. పాలిష్ అయిన పలకల అంచులు తీయడంలో ఆయనకు మంచి పేరు. అంతకు మించిన పేరు గొంతుకు. ఐరాల పక్కన మా ఊళ్ళో వీధినాటకం ఆడితే బావ పద్యం మైకు లేకుండా చివరి చాప దాకా వినిపించేది. నేను యూనిట్లో చేరేనాటికి ఆ గొంతు సగం పోయింది. సాయంత్రం కనుబొమలు తెల్లగా, పిండిమర నుంచి వచ్చినవాడిలా ఇంటికొచ్చేవాడు. గుమ్మంలో కూర్చుని దగ్గిన తర్వాతే సంగటి ముద్ద ముట్టేవాడు.

కట్టర్ కింద నీళ్ళు పారుతుంటే పొడి లేవదు. యూనిట్లో అందుకు పైపులు వేశారు కూడా. కానీ వానలు లేక బోరు ఎండిపోయింది. ఊరంతా తాగే నీళ్ళకే ట్యాంకరు వెంట పరుగెత్తుతున్న కాలం, ఇక రాళ్ళకు నీళ్ళెవరు పోస్తారు? పొడిగానే కోసేవాళ్ళు. బావకు ముందు టీబీ అన్నారు, మాత్రలన్నీ మింగాడు. తగ్గలేదు. చివరికి వేలూరులో ఒక డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పెట్టి చూసి, ఇది రాతిపొడి, మందు లేదు, ఆ పని నుంచి వెంటనే తప్పుకోవాలి అన్నాడు. తప్పుకుని ఏం చేయాలి? సేద్యానికి పోదామన్నా మా చెరుకు అప్పటికే నిలువునా ఎండింది.

అప్పుడే ఓనరు కొత్త ఆర్డరు కోసం పాకులాడుతున్నాడు. విదేశంలో వంటింటి గట్లు చేసే కంపెనీ అది. వాళ్ళ ఏజెంటు మద్రాసు నుంచి తిరుపతికి దర్శనానికి వస్తున్నాడని తెలిసి హోటల్లో ఒక గది మాట్లాడాడు. స్లైడ్లు చేయడం నాకు అప్పగించాడు.

"దర్శనం అయినాక పెడదాం అమ్మాయ్. గుండు కొట్టించుకున్నోడు కాదని యాడంటాడు?" అన్నాడు.

"క్యూలో నిలబడొచ్చినోళ్ళు కుర్చీలో కూసోంగానే నిద్రపోతారు సార్. కొండెక్కకముందే పెడదాం" అన్నాను. వినేవాళ్ళ ఒళ్ళెలా ఉందో ముందు ఆలోచించమని కూడా పుస్తకం చెప్పింది.

స్లైడ్లకు ఫోటోలు తీసిన రోజున ట్యాంకరు తెప్పించారు. కట్టర్ కింద నీళ్ళు చిమ్ముతుంటే నల్లరాయి అద్దంలా మెరిసింది. బావ ముఖం కూడా ఆ రోజు శుభ్రంగా ఉంది. అన్నిట్లోకీ మంచి స్లైడు అదే అయింది.

హోటల్లో మధ్యలో కరెంటు పోయింది. స్లైడ్లన్నీ కాగితాల మీద తీసి పెట్టుకున్నాను కాబట్టి అవి పంచి, కిటికీ వెలుతురులో చెబుతూ పోయాను. జనరేటరు వచ్చేసరికి ఏజెంటు నీళ్ళ ఫోటో దగ్గరే ఆగి ఉన్నాడు. "ఈ నీళ్ళు రోజూ ఉంటాయా?" అని అడిగాడు. "రోజూ" అన్నాడు ఓనరు. "అయితే ఆ మాట పనివాడి నోట చెప్పించండి. కంపెనీవాళ్ళు నెట్లో చూస్తారు. పనివాళ్ళ మీద దుమ్ము పడుతుందా అని వాళ్ళ దేశంలో అడుగుతున్నారు."

మరుసటి రోజు ఓనరు బావను ఆఫీసులోకి పిలిచాడు. "నీ గొంతు ఊరంతటికీ తెలుసు గదప్పా. నాలుగు మాటలు చెప్పు. ఆర్డరు రానీ, నిన్ను గేటుకాడ కుర్చీలో కూసోబెడతా. మళ్ళా కట్టర్ ముట్టే పనే లేదు."

ఇంటికొచ్చి ఆ కుర్చీ మాట చెప్పగానే అక్క పొయ్యి మీద మిరియాల కషాయం పెట్టింది.

ఇంట్లో సాధన మొదలైంది. బావకు ఇంగ్లీషు రాదు, తెలుగులో రాసిచ్చాను. నీళ్ళు అనే మాట వచ్చినప్పుడల్లా పద్యంలా సాగదీసి చెయ్యి పైకెత్తేవాడు.

"బావా, అది నాటకం కాదు. మామూలుగా చెప్పు."

"మామూలుగా చెప్తే ఎవుడింటాడు మే? దొర దిమ్మెరపోవాల!" అని నవ్వబోయి దగ్గులో పడేవాడు. మూడో వాక్యం దాటేసరికి ప్రతిసారీ అంతే. నేను రాసినదాన్ని కుదించుకుంటూ వచ్చాను. మామూలుగా ఉపన్యాసాన్ని గడియారం చూసి కుదిస్తారు. నేను బావ ఊపిరి చూసి కుదించాను. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. మూడోది: మా దగ్గర ఎప్పుడూ నీళ్ళు పారతాయి, దుమ్ము లేవదు.

"అది మాత్రం తీసేస్తా బావా" అన్నాను.

"తీసేస్తే కుర్చీ నువ్విస్తావా?"

"అబద్ధం గదా."

"నాటకంలో రాజు యేసం కట్టినబుడు నాకు రాజ్యం ఉండిందా మే? గమ్మునుండు."

అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. కషాయం గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఈ ఒక్కతూరి దగ్గకుండా సూస్కో" అంది.

తిరుపతిలో ఒక నెట్ సెంటరు. పైన చిన్న కెమెరా పెట్టిన కంప్యూటరు, చుట్టూ ప్లైవుడ్ గోడలు. ముందు రోజే వెళ్ళి అన్నీ చూసుకున్నాను. వెలుతురు ముఖం మీద పడేలా కుర్చీ తిప్పాను. తెరలోని మనిషిని కాదు, కెమెరా కంటిని చూడమని బావకు చెప్పాను. మాట అవతలికి ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగాలి. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని దాన్ని ఆపించాను. రోహిణి కార్తె ఎండ. ఆ పెట్టెలో ఓనరుతో కలిపి మేం ముగ్గురం చెమటలో నానిపోయాం.

నేను స్లైడ్లు చెప్పాను. తరువాత బావ. ఒక్కో వాక్యం చెప్పి ఆగాడు, నేను ఇంగ్లీషులో చెప్పాను. మూడోదీ చెప్పాడు. చెయ్యెత్తలేదు, సాగదీయలేదు. మెడ నరాలు మాత్రం తాళ్ళలా బిగుసుకున్నాయి. దాన్నీ నేను ఇంగ్లీషులో చెప్పాను. తెర మీద అవతలివాళ్ళు కదలకుండా ఉన్నారు. మా మాట ఇంకా వాళ్ళకు చేరలేదు. బావ అయిపోయిందనుకున్నాడు. అంతసేపూ బిగబట్టింది ఒక్కసారిగా బయటికొచ్చింది. బల్ల పట్టుకుని వంగి, ఆగకుండా దగ్గాడు.

కాసేపటికి అవతలివాళ్ళ తలలు ఊగాయి, నీళ్ళ మాట నచ్చినట్టుగా. వెనకాలే దగ్గు చేరింది. వాళ్ళు ముఖాలు ముందుకు వంచారు. ఆయనకు ఒంట్లో బాగాలేదా అని ఒకామె అడిగింది.

నేను నోరు తెరిచాను. ఓనరు మైకు తన వైపు లాక్కుని, "జలుబు మేడం, కొంచెం జలుబు" అన్నాడు ఇంగ్లీషులో.

ఆమె మళ్ళీ బావ వైపు చూసింది. తరువాత నవ్వి, త్వరగా తగ్గాలి అంది. మీ స్లైడ్లు చాలా స్పష్టంగా ఉన్నాయని నన్ను మెచ్చుకుంది.

ఆర్డరు వచ్చింది. కుర్చీ రాలేదు.

"ఈ లోడు పోనీ అప్పా. నీ మాదిర అంచు దీసేవాడు యాడుండాడు?" అన్నాడు ఓనరు. ఆ లోడు వెనకాల ఇంకో లోడు. అక్క ఒకసారి యూనిట్‌కే వచ్చి నిలదీసింది. "ఇచ్చిన మాట యాడికి పోయింది సామీ?" "యాడికీ పోలేదమ్మా, ఈడనే ఉండాది" అని నవ్వుతూ పంపేశాడు. బోరు అలాగే ఎండి ఉంది. ఆర్డరు పెద్దది కాబట్టి కట్టర్లు మునుపటికన్నా ఎక్కువసేపు తిరిగేవి. షెడ్డు బయట వేపచెట్టు ఆకులు కూడా తెల్లబడ్డాయి.

చేతిలో కట్టర్ నిలవని రోజున బావను గేటు దగ్గర కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ కుర్చీ, వెనక కాలు ఒకటి కొంచెం పొట్టి. దానిలో ఆయన ఒక్క ఎండాకాలమే కూర్చోగలిగాడు.

ఆ ఎండాకాలంలోనే ఇంకో కంపెనీవాళ్ళకు కొత్త స్లైడ్లు చేయాల్సి వచ్చింది. ఫోటోలకు పొద్దున్నే ట్యాంకరు వచ్చి గేటు బయట హారను కొట్టింది. కొట్టింది, మళ్ళీ కొట్టింది. ఆఫీసులోంచి బయటికొచ్చి చూశాను. బావ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు, లేవలేకపోతున్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు. ఊపిరి కూడదీసుకుని, వాక్యానికీ వాక్యానికీ మధ్య నేను నేర్పినట్టే ఆగుతూ అన్నాడు.

"నీళ్ళొచ్చినాయి మే. పోయి గేటు తియ్యి."

వెళ్ళి గొలుసు విప్పాను.